మన ఇంటి మీద స్టార్ ఎక్కడి నుంచి వచ్చింది?



డిసెంబరు దగ్గర పడేసరికి మాకు రెండు రకాల ప్రశ్నలు వస్తుంటాయి. "అయ్యగారూ, ఈసారి స్టార్ ఎప్పుడు కట్టాలి, సెమీ క్రిస్మస్ ఏ తారీకు?" అన్నది మొదటిది. దానికి జవాబు తేలిక. రెండోది కాస్త బరువైనది. ఎవరో వాట్సాప్‌లో పంపిన మెసేజిని మాకు పంపించి, "ఇందులో ఇలా రాశారు, నిజమేనా?" అని అడుగుతారు. క్రిస్మస్ చెట్టు అన్యుల ఆచారమని, ఇంటికి స్టార్ కట్టమని బైబిలులో ఎక్కడా లేదని, గుమ్మానికి మామిడి తోరణం ఉన్న ఇల్లు విశ్వాసి ఇల్లు కాదని ఆ మెసేజీల సారాంశం.

ఇవి చదివి నవ్వి ఊరుకునే మాటలైతే మేమూ ఊరుకునేవాళ్లం. కానీ వీటి వల్ల అత్తాకోడళ్లు ఒకే కప్పు కింద మాటల్లేకుండా పండుగ గడిపిన ఇళ్లు మాకు తెలుసు. కోడలి పుట్టింటి సంఘంలో స్టార్ కట్టరు. అత్తవారి సంఘంలో స్టార్ లేకపోతే అది పండగే కాదు. ఇద్దరూ ప్రార్థనాపరులే. ఇద్దరూ బైబిలు చదివేవారే. మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి వాక్యం ఒక్కటి చూపిస్తే సరిపోదు, కొంచెం చరిత్ర కూడా చూడాలి. అందుకే ఈసారి ప్రసంగం తగ్గించి చరిత్ర ఎక్కువగా రాస్తున్నాం. ఓపికగా చదవండి.

మొదట ఒక సంగతి. ఈ తగువు మన పేటల్లో పుట్టింది కాదు. సుమారు 1800 ఏళ్ల క్రితం ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు పట్టణంలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత ఉండేవాడు. రోమా చక్రవర్తుల పండుగలకు ఆ రోజుల్లో జనం గుమ్మాలకు ఆకుల దండలు కట్టి, వాకిట్లో దీపాలు పెట్టేవారు. విశ్వాసులు కూడా అలాగే చేస్తున్నారని, పైగా అన్యుల ఇళ్ల కంటే మన వాళ్ల ఇళ్లకే దండలూ దీపాలూ ఎక్కువ ఉంటున్నాయని ఆయన గట్టిగా మందలించాడు. గుడిని విడిచి వచ్చినవాడు తన గుమ్మాన్నే గుడి చేసుకోకూడదన్నది ఆయన వాదన. అప్పటికి క్రిస్మస్ పండుగే లేదు. డిసెంబరు 25న ప్రభువు జన్మదినం అని రోములో రాసుకున్న తొలి ఆధారం 336వ సంవత్సరం నాటిది. అంటే పండుగ పుట్టక ముందే గుమ్మం అలంకారం మీద వాదం పుట్టిందన్నమాట!

నాలుగు వందల ఏళ్లు పోయాక ఇంకో మాట వినిపించింది. 601వ సంవత్సరంలో రోము బిషప్పు గ్రెగొరీ, ఇంగ్లండులో సేవకు వెళ్తున్న మెల్లితు అనే సేవకుడికి ఒక ఉత్తరం రాశాడు. అక్కడి జనం పాత దేవతల దగ్గర పశువులను కోసి పండుగ చేసుకునేవారు. విగ్రహాలు ఉండకూడదు, సరే. కానీ జనానికి ఉన్న సంతోషాన్ని కూడా తీసేయవద్దని, మందిరాల చుట్టూ చెట్ల కొమ్మలతో పందిళ్లు వేసుకుని దేవునికి కృతజ్ఞత చెప్పి భోజనాలు చేయనివ్వమని ఆయన సలహా. బీడు అనే చరిత్రకారుడు ఆ ఉత్తరాన్ని తన గ్రంథంలో దాచి ఉంచాడు కాబట్టి మనకు తెలిసింది. ఆ రెండు గొంతుకలూ ఇవాళ్టికీ సంఘంలో ఉన్నాయి. మన వాట్సాపులో మొదటి గొంతుక ఎక్కువ వినిపిస్తుంది.

ఇక ప్రొటెస్టెంటుల మాట. క్రిస్మస్‌ను వద్దన్నది అవిశ్వాసులని చాలామంది అనుకుంటారు. కాదు, మంచి భక్తిపరులే వద్దన్నారు. ఇంగ్లండులో ప్యూరిటన్లు పైచేయిగా ఉన్న కాలంలో 1647లో పార్లమెంటే ఈ పండుగను రద్దు చేసింది. అమెరికాలో మసాచుసెట్స్ కాలనీవారు 1659లో ఇంకో అడుగు ముందుకేసి, క్రిస్మస్ ఆచరించినవారికి 5 షిల్లింగులు జరిమానా అన్నారు. ఆ చట్టం 1681 దాకా నడిచింది. వారి కారణం ఒక్కటే. లేఖనంలో ప్రభువు ఆజ్ఞాపించని పండుగను మనుషులు విధించకూడదు. ఆ మాటలో బలం లేదని మేము అనం.

ఈ చరిత్రకూ మన ఆత్రేయపురానికీ ఏమిటి సంబంధం అంటారా? సంబంధం ఉంది. గోదావరి డెల్టా పల్లెల్లో నిలబడి సువార్త చెప్పిన తొలి ప్రొటెస్టెంటు మిషనరీలు సరిగ్గా ఆ మనసున్నవారే. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఆయన ఇంగ్లండులో పళ్ల డాక్టరు. ఆస్తి వదులుకుని సేవకు వచ్చినవాడు. ఆయన వెంట 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యవ్వనస్తులు భార్యలతో సహా మన దేశానికి వచ్చారు. డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ ఊరివారు. ఒకాయన రాతిపని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. దొరలంటే గుర్రమెక్కి వచ్చినవారే అనుకునే మనకు ఈ సంగతి గుర్తుంటే మంచిది. ఆ రెండు వృత్తులూ మన తాతలకు పరాయివి కావు. వారు నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పని చేశారు. అదే గోదావరి డెల్టా మిషను. ఇప్పుడు మనం బ్రదరన్ సంఘాలు అంటున్నవాటికి వేరు అక్కడే.

ఆ రోజుల్లో డెల్టా అంటే ఇప్పటి పచ్చదనం కాదు. 1833 నాటి కరువు, పెద్దలు నందన కరువు అని చెప్పుకునేది, అప్పటికి ఇంకా మనుషుల కళ్ల ముందే ఉంది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాల ఆనకట్ట. అందులో ర్యాలి మన పక్క ఊరే. మన లొల్ల లాకులు ఆ నీటి కాలువల మీదివే. ఆనకట్ట పనికి వచ్చిన వేలాది కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పాడు. రాతిపనివాడు రాళ్లు మోసేవారికి చెప్పిన సువార్త అది.

అలాంటి బౌడెన్, బీర్‌ల సంప్రదాయంలో క్రిస్మస్‌కు చోటు లేదు. ప్రభువు తన మరణాన్ని జ్ఞాపకం చేసుకోమన్నాడు, అందుకు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం. తన పుట్టినరోజు చేయమని చెప్పలేదు. వారి వాదన అంతే. మన రోజుల్లో భక్త సింగ్ గారి పరిచర్యతో ఏర్పడిన హెబ్రోను సహవాసాలలో కూడా చాలామంది క్రిస్మస్ ఆచరించరు. కాబట్టి ఆ కోడలు స్టార్ వద్దంటే అది మొండితనం అనుకోకండి. నూట ఎనభై ఏళ్లకు పైబడిన సాక్ష్యం ఆమె వెనుక ఉంది.

అత్త వెనుక కూడా ఉంది. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ పుట్టుకతో జర్మను, అమెరికా లూథరన్ సంఘం తరఫున వచ్చాడు. రాజమండ్రిలో పని మొదలుపెట్టింది ఉత్తర జర్మనీ మిషను వారు. 1850 ప్రాంతంలో అది లూథరన్ల చేతికి వచ్చింది. ఒక దశలో ఆ పనిని వేరే మిషనుకు అప్పగించేద్దామని అమెరికాలో అనుకుంటుంటే, హయ్యరు 1869లో 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి రాజమండ్రి వచ్చి దాన్ని నిలబెట్టాడు. జర్మను ఇళ్లలో క్రిస్మస్ అంటే చెట్టు, దీపాలు, పాటలు, పిల్లలకు మిఠాయిలు. లూథరన్లు పండుగల కేలండరు వదులుకోలేదు. ఆగమన కాలం నాలుగు ఆదివారాలు, ఆ తర్వాత పండుగ. 1841 నుంచి మచిలీపట్నంలో ఉన్న చర్చ్ మిషనరీ సొసైటీ వారిదీ పండుగల సంప్రదాయమే. 1874 నుంచి కాకినాడలో కెనడా బాప్టిస్టులు. గోదావరికి అటూ ఇటూ ఇన్ని మిషన్లు. మన పిల్లల పెళ్లి సంబంధాలు ఈ మిషన్లన్నిటినీ దాటి కలిశాయి. వాళ్లు కలిసినచోట ఒకరి వెనక బార్న్‌స్టేపుల్, ఒకరి వెనక జర్మనీ నిలబడి ఉన్నాయి. పాపం అత్తాకోడళ్లు తమ ఇద్దరి మధ్యే గొడవ అనుకుంటున్నారు.

అయితే మిషనరీ బంగళాలో ఏం జరిగిందన్నది సగం కథే. పేటలో ఏం జరిగిందన్నది మిగతా సగం. మాకు ఇదే ఎక్కువ ఇష్టమైన భాగం.

మన తొలి విశ్వాసుల ఇళ్లు ఊరికి దూరంగా, మట్టిగోడల మీద తాటాకు కప్పుతో ఉండేవి. అలంకారానికి వారి దగ్గర ఉన్నవి సున్నం, ఎర్రమట్టి, పేడ, ఆకులు. డెల్టాలో సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో పూర్తవుతాయి. కూలి గింజలు ఇంటికి వచ్చేది అప్పుడే, కొత్త గడ్డి దొరికేది అప్పుడే. ఏడాది పొడవునా వానకు కరిగిపోయిన గోడను మెత్తి, అలికి, గుల్ల సున్నంలో కాస్త నీలిమందు కలిపి వెల్ల వేసి, కింద జాజు పట్టీ తీస్తే అదే పండుగ అలంకారం. డిసెంబరులో సంక్రాంతికి ముందే గోడ తెల్లబడిన ఇల్లంటే అది యేసయ్య ఇల్లు అని ఊరంతటికీ తెలిసేది. మన పెద్దవారిని అడగండి, "క్రిస్మస్‌కి ఇల్లు కడిగాం, వెల్లేశాం" అంటారు. "డెకరేషన్" అనే మాట తర్వాత వచ్చింది.

దీని విలువ ఇవాళ్టి పిల్లలకు చెప్పాలి. ఊళ్లోకి అందరిలా నడిచి వెళ్లే వీల్లేని రోజుల్లో, మంచి బట్ట కడితే మాట పడే రోజుల్లో, ఒక మనిషి తన ఇంటి గోడను తెల్లగా చేసుకుని, "నా రాజు పుట్టాడు, నా ఇంటికి వస్తాడు" అనుకోవడం చిన్న సంగతి కాదు. ఆ సున్నం మిషనరీ పంపింది కాదు. ఏ సంఘ చట్టంలోనూ రాసింది కాదు. అది మన అమ్మమ్మలు స్వయంగా కనిపెట్టుకున్న ఆరాధన.

ఆకులూ పువ్వులూ అంతే. మిషను బంగళాకు, మందిరానికి పండుగనాడు అరటి బోదెలు నిలిపి, మామిడాకుల తోరణం, బంతిపూల దండలు కట్టేవారు. తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ వెళ్లి దొరగారికి నిమ్మకాయ, దండ ఇచ్చి వందనం చేసేవారు. పెద్దవారి దర్శనానికి నిమ్మకాయతో వెళ్లడం మన ప్రాంతపు మర్యాద కదా. దొరల దేశం నుంచి వచ్చిన పండుగను మనవాళ్లు మన ఊరి పెళ్లి పందిరిలా తయారుచేశారు.

ఇక్కడ ఒక వింత ఉంది, ఎప్పుడైనా గమనించారా? విగ్రహారాధనకు గుర్తులుగా ఉంటాయని మన పెద్దలు బొట్టు, పువ్వులు మానిపించారు. ఇప్పటికీ మన సంఘాల్లో చాలామంది ఆడపిల్లల జడలో పువ్వు ఉండదు. కానీ క్రిస్మస్‌కు మందిరం గుమ్మానికి మూరలకొద్దీ బంతిపూలు! కడియం పూల మార్కెట్టు నుంచి బుట్టలు దిగుతాయి. జడకు కూడనిది గుమ్మానికి ఎలా కూడింది అని మా సండే స్కూలు పిల్ల ఒకతె అడిగింది. మంచి ప్రశ్న. మా జవాబు ఇది. పువ్వు ఎప్పుడూ పాపం కాదు. ఒక కాలంలో మన పెద్దలు ఒక గీత గీయవలసి వచ్చింది, వారి కారణాలు వారికున్నాయి. గుమ్మం దగ్గర ఆ గీత గీయలేదు, ఎందుకంటే గుమ్మం దగ్గర పువ్వు అంటే ఆహ్వానమే తప్ప పూజ అని ఎవరూ అనుకోలేదు. పిల్ల పూర్తిగా ఒప్పుకున్నట్టు కనబడలేదు. ఇంకా పెద్దయ్యాక మళ్లీ అడుగుతుంది.

మామిడాకు విషయంలో కూడా అదే మాట. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం తీసి చూడండి. చెర నుంచి తిరిగి వచ్చినవారు కొండకు వెళ్లి ఒలీవ కొమ్మలు, ఈత కొమ్మలు, గుబురు చెట్ల కొమ్మలు తెచ్చి, ఇళ్ల మీద, వాకిళ్లలో పర్ణశాలలు కట్టుకుని సంతోషించారు. ఆ సంతోషం చాలా గొప్పదని అక్కడ రాసి ఉంది. మనం మట్టల ఆదివారం నాడు కొబ్బరి మట్టలు పట్టుకుని మందిరం చుట్టూ తిరగడం లేదా? యెరూషలేములో కొబ్బరి చెట్లు లేవు. మన దగ్గర ఉన్న ఆకు మనది. ముగ్గు సంగతి అడిగేవారికి కూడా చెబుతున్నాం, వాకిట్లో పిండితో నక్షత్రం వేసి పండుగ శుభాకాంక్షలు రాసుకుంటే మాకు అభ్యంతరం లేదు. ఆ ముగ్గులో దేనినైనా నిలబెట్టి పూజించే దగ్గర మాత్రం మనం ఆగాలి.

చెట్టు సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాం. యిర్మీయా 10వ అధ్యాయంలో చెట్టును నరికి వెండి బంగారాలతో అలంకరించే మాట ఉంది, అది క్రిస్మస్ చెట్టే అని మెసేజీలు చెబుతాయి. ఆ భాగం మొత్తం చదివితే తెలుస్తుంది, అక్కడ పనివాడు ఆ మొద్దును చెక్కి, కదలకుండా మేకులు కొట్టి దేవుడని నిలబెడుతున్నాడు. మాట్లాడలేని, నడవలేని విగ్రహం గురించి ప్రవక్త చెప్పిన మాట అది. మన ఇంట్లో చెట్టుకు ఎవరూ మొక్కడం లేదు. అలాగని మార్టిన్ లూథరే మొదటి క్రిస్మస్ చెట్టుకు దీపాలు పెట్టాడని చెప్పే కథను కూడా మేము ప్రసంగంలో వాడం, ఆయన కాలంలో దానికి ఆధారం లేదు. ఆధారం ఉన్నది 1605లో స్ట్రాస్‌బర్గ్ పట్టణంలో. అక్కడివారు ఇళ్లలో చెట్లు నిలిపి, రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, మన పూతరేకులా పలచగా కాల్చిన పిండి రేకులు వేలాడదీసేవారని ఒక రాత ఉంది. పూతరేకుల ఊరివాళ్లం కాబట్టి ఇది చదివినప్పుడు మాకు భలే సంతోషం వేసింది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండను పత్రికలో వచ్చాక ఇంగ్లీషువారి ఇళ్లన్నిటికీ ఆ ఆచారం పాకింది. మన తీరంలో ఆ దేవదారు జాతి చెట్టు లేదు కాబట్టి సముద్రపు ఇసుకలో పెరిగే సరుగుడు కొమ్మ తెచ్చారు. అదీ ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన చెట్టే. చెట్టు పెట్టుకుంటే పెట్టుకోండి, లేకపోతే లేదు. దీని కోసం ఎవరితోనూ పోట్లాడవద్దు.

స్టార్ దగ్గర మాత్రం కాసేపు ఆగుతాం.

జర్మనీలో మొరేవియన్లు అనే సంఘం ఉంది. హెర్న్‌హూట్ వారి ఊరు. చిన్న సంఘం, కానీ ప్రపంచం నలుమూలలకు మిషనరీలను పంపింది. తల్లిదండ్రులు గ్రీన్‌లాండుకో, వెస్టిండీసుకో, ఆఫ్రికాకో సేవకు వెళ్తే పిల్లలు ఇక్కడ బోర్డింగు స్కూళ్లలో పెరిగేవారు. 19వ శతాబ్దం మొదటి భాగంలో నీస్కీ అనే ఊళ్లోని అలాంటి బోర్డింగు స్కూల్లో, లెక్కల పాఠంలో భాగంగా, కాగితాన్ని మడిచి కొనలు చేసి అతికించి, లోపల దీపం పెట్టి నక్షత్రం తయారు చేశారు. ఆగమన కాలం మొదటి ఆదివారం నాడు పిల్లలు కూర్చుని తమ స్టార్ తామే అతికించుకోవడం ఆనవాయితీ అయింది. 1890లలో వెర్బీక్ అనే ఆయన దాన్ని విప్పి మళ్లీ బిగించుకునేలా చేసి అమ్మకానికి పెట్టాడు. ఇళ్లకు కాగితపు స్టార్ వేలాడదీసే అలవాటుకు అది ఒక పెద్ద మూలం.

అంటే ఆ స్టార్‌ను మొదట చేసింది అమ్మానాన్నలు దూరదేశంలో ఉన్న పిల్లలు. ఇది చదివినప్పుడు మా మనసు మన కోనసీమ ఇళ్ల మీదికే పోయింది. మన మండలంలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఇళ్లు ఎన్ని! అక్కడ వేరేవారి ఇంట్లో పనిచేస్తూ, రాత్రి పని అయ్యాక ఫోను చేసి, "స్టార్ కట్టారా, చూపించండి" అని అడిగే తల్లులు మన సంఘంలోనే ఉన్నారు. పిల్లవాడు ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చి పైకి తిప్పి చూపిస్తాడు. ఆ స్టార్ అన్యాచారమని ఆ పిల్లవాడికి చెప్పమంటే మేము చెప్పలేం.

మా చిన్నతనంలో, అంటే 1980ల చివర్లో, స్టార్ కొనడం లేదు. వెదురు బద్దలు సన్నగా చీల్చి, రెండు అయిదు కొనల చట్రాలు కట్టి, మధ్యలో పుల్లలు పెట్టి ఉబ్బించి, మైదా ఉడకబెట్టి లై చేసి రంగు కాగితాలు అతికించేవాళ్లం. తోకకు జిలుగు కాగితం. పొడవాటి వెదురు గెడకు కట్టి ఇంటి ముందు నిలిపేవాళ్లం. కరెంటు ఉన్న ఇంట్లో బల్బు, లేనిచోట చిన్న కిరసనాయిలు దీపం. తాటాకిళ్ల మధ్య కాగితంలో దీపం అంటే ప్రమాదమే, అందుకే పెద్దలు స్టార్‌ను ఇంటికి కాస్త దూరంగా గెడ మీద కట్టించేవారు, పడుకునే ముందు దించి ఆర్పించేవారు. కార్తీకంలో ఆకాశదీపం ఎత్తుగా కట్టే ప్రాంతం మనది. అందుకని గెడ మీద దీపం ఊళ్లో ఎవరికీ వింతగా తోచలేదు. లోపల గోడకు, అంతకుముందు ఏళ్లలో వచ్చిన గ్రీటింగు కార్డులు దారానికి గుచ్చి తోరణంలా వేసేవాళ్లం. మంచు కురిసే ఇళ్ల బొమ్మలు! మంచు అంటే ధనుర్మాసపు పొగమంచు తప్ప ఎరుగని పిల్లలం.

బైబిలులో స్టార్ ఇంటికి కట్టమని లేదు, నిజమే. కానీ మత్తయి 2వ అధ్యాయం ఇంకోసారి చదవండి. జ్ఞానులు నక్షత్రాన్ని చూసి అత్యానందభరితులై ఎక్కడికి వెళ్లారు? ఇంటిలోకి వెళ్లారు. పాకలోకి కాదు, రాజభవనంలోకి కాదు, తల్లీ బిడ్డా ఉన్న ఒక మామూలు ఇంటిలోకి. ఆ ఇంటికి రంగు వేశారో లేదో మత్తయి రాయలేదు.

ఇప్పుడు అసలు చెప్పవలసిన రెండు సంగతులు.

ఒకటి అప్పు. ఎల్ఈడీ లైట్లు, సీరియల్ సెట్లు, పెద్ద స్టార్లు, ఇంటికి కొత్త రంగులు, ఇవి మన తాతల సున్నం లాంటివి కావు. డ్వాక్రా లోనులోంచి కొంత, వారం వడ్డీకి కొంత తెచ్చి ఇల్లు వెలిగించి, మార్చి దాకా కట్టుకుంటున్నవారు ఉన్నారు. పక్కింటి స్టార్ కంటే మన స్టార్ పెద్దదిగా ఉండాలన్న పోటీ మందిరం వీధిలోనే కనిపిస్తోంది. పూతరేకుల పనికి వెళ్లే మన అక్కచెల్లెళ్లు పండగ ఆర్డర్లకు పొయ్యి దగ్గర, బోర్లించిన కుండ వేడిలో పొద్దంతా కూర్చుని, ఇంటికి వచ్చి, పిల్లలు ఏడుస్తున్నారని లైట్ల కోసం బజారుకు పరుగెత్తడం చూస్తున్నాం. తండ్రులారా, యవ్వనస్తులారా, ఆ పని మీరు చేయండి. వెదురు మన ఊళ్లో దొరుకుతుంది. లై చేయడం మేము నేర్పుతాం.

రెండోది ఇంతకంటే ముఖ్యం. ఏడాదిలోపు మరణం జరిగిన ఇంటికి స్టార్ కట్టకూడదు అనే పట్టింపు మన సంఘాల్లో గట్టిగా ఉంది. ఆ ఇంటికి వెల్ల వేయరు, పిండివంటలు చేయరు, క్యారల్స్ వాళ్లు ఆ గుమ్మం దాటి పక్కింటికి వెళ్లిపోతారు. వీధంతా వెలుగుతుంటే ఆ ఒక్క ఇల్లూ చీకటిగా ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారు సంబరం వద్దనుకుంటే అది వారి మనసు, దాన్ని గౌరవించాలి. కానీ వద్దనడం ఒకటి, కూడదనడం ఇంకొకటి. మరణం వల్ల ఇల్లు మైలపడుతుందనే ఆలోచన మనం మన బంధువుల దగ్గర నుంచి తెచ్చుకున్నది. మామిడాకు గురించి అంత వాదించే మనం, దీన్ని మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మోస్తున్నాం. ఏది అన్యాచారమో చూడాలంటే ఇక్కడ చూడాలని మా ఉద్దేశం.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మన కోనసీమను కొట్టింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు పడుకున్నాయి. క్రిస్మస్‌కు సరిగ్గా 49 రోజులు. మేము అప్పుడు కుర్రవాళ్లం. ఆ సంవత్సరం ఎన్నో ఇళ్లకు స్టార్ కట్టడానికి ఇంటి కప్పే లేదు. ఆ లెక్కన చావు చూసిన ఊళ్లన్నిటికీ పండుగ కూడదంటే, ఆ డిసెంబరులో ప్రభువు జన్మవార్త ఎవరికి చెప్పాలి? అదే మత్తయి 2వ అధ్యాయంలో జ్ఞానుల కానుకల పక్కనే బేత్లెహేము తల్లుల ఏడుపు కూడా ఉంది. హేరోదు చంపించిన పసిబిడ్డల ఇళ్లు కూడా ఆ నక్షత్రం కింద ఉన్న ఇళ్లే.

కాబట్టి ఈ సంవత్సరం మన సంఘంలో ఇలా చేద్దామని పెద్దలతో మాట్లాడి నిర్ణయించుకున్నాం. ఆగమన కాలం మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం ఆవరణలోనే యవ్వనస్తులూ సండే స్కూలు పిల్లలూ కూర్చుని స్టార్లు చేస్తారు. కాగితాల ఖర్చు స్త్రీల సమాజం పెట్టుకుంటామన్నది. మొదటి స్టార్లు ఈ ఏడాది మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకు. మేమూ పెద్దలూ ముందు వెళ్లి అడుగుతాం. కట్టమంటే పిల్లలు కడతారు. వద్దంటే వాకిట్లో కూర్చుని ఒక కీర్తన పాడి, ప్రార్థన చేసి వస్తాం. క్యారల్స్ రాత్రి ఏ గుమ్మమూ దాటిపోవద్దని యవ్వనస్తులకు చెప్పాం. స్టార్ ఆచరించని బ్రదరన్ కుటుంబాల గుమ్మం కూడా దాటవద్దు, అక్కడ స్టార్ ప్రస్తావన తేకుండా పాట పాడి రండి.

వెదురు బొంగులు ఇవ్వగలిగినవారు శనివారం సాయంత్రానికి మందిరం దగ్గర దించండి. పొడవాటి నిచ్చెన ఉన్నవారు కూడా చెప్పండి, మందిరంలో ఉన్నదానికి రెండు మెట్లు విరిగాయి.